అభిషేక తైలం ఇంట్లో కాచుకోవచ్చా?

ప్రశ్న: మా సంఘంలో సండేస్కూల్ పెద్ద పిల్లలకు నిర్గమకాండం 29, 30 అధ్యాయాలు చెప్పాలి. అందులో రాసిన కొలతల ప్రకారం అభిషేక తైలం కొద్దిగా కాచి చూపిద్దామనుకుంటున్నాను. మిగిలినది మా కొత్త ఇంటి గుమ్మాలకు రాయమని అత్తగారు అంటున్నారు. లవంగిపట్ట ఆ జాబితాలో రెండుసార్లు ఎందుకు వచ్చింది? యాజకుల చెవికి, బొటనవేళ్లకు రక్తం పూయడం ఏమిటి? బజార్లో అమ్మే అభిషేక తైలం సీసాలు ఇవేనా? అసలు అభిషేకం అంటే ఆ మనిషిలోకి శక్తి దిగడమేనా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మొదటిదానికి సూటిగా చెప్పేస్తాం. ఆ పాళ్లలో కాచకండి, గరిటెడు కూడా. కొలతలు చెప్పిన 30వ అధ్యాయమే 32, 33 వచనాల్లో అలాంటిది ఇంకొకటి చేయొద్దని, మామూలు మనిషి ఒంటిమీద పోయొద్దని, పోసినవాణ్ని జనంలోంచి కొట్టివేయాలని కూడా చెప్పింది. వంట రాసిచ్చి వండొద్దనడం వింతే. యూదు ధర్మచర్చల గ్రంథమైన తాల్ముదులోని కెరితోతు అనే భాగంలో రబ్బీలు (ధర్మశాస్త్ర గురువులు) దీని మీద బాగానే తర్జనభర్జన పడ్డారు. నేర్చుకోడానికి చేసినా, సమాజానికి అప్పగించడానికి చేసినా శిక్ష లేదన్నారు. ఆ లెక్కన మీ క్లాసు వరకు తప్పించుకోవచ్చు. మిగిలింది గుమ్మానికి వెళ్తుందన్నారు చూశారా, అక్కడ దొరికిపోతారు.

కొలతలు మాత్రం పిల్లలకు తప్పకుండా చెప్పండి, ఎందుకంటే అందులోనే సగం పాఠం ఉంది. అచ్చమైన గోపరసం 500 తులాలు, సుగంధ లవంగిపట్ట 250, నిమ్మగడ్డి 250, మళ్లీ లవంగిపట్ట 500, ఒలీవ నూనె మూడు పళ్లు. ఇక్కడ 'పళ్లు' అంటే పండ్లూ కాదు, దంతాలూ కాదు. పడి అనే పాత కొలతకు బహువచనం. ఈ తరం పిల్లలు దగ్గర దగ్గర అందరూ ఇక్కడ తికమకపడతారు. ఈ మూడు పళ్లకు మూలంలో ఉన్నది 'ఒక హీను'. ఒక హీను దాదాపు 4 లీటర్లు, కొందరి లెక్కలో 6 దాకా వెళ్తుంది. 'తులం' అన్నచోట మూలంలో ఉన్నది షెకెలు. యూదా ప్రాంతపు తవ్వకాల్లో దొరికిన తూనికరాళ్లను బట్టి షెకెలు సుమారు 11.4 గ్రాములు. మన పాత తులం 11.66 గ్రాములు. అనువాదకులు ఎంచుకున్న మాట బరువులో కూడా ఇంత దగ్గరగా కుదిరింది. ఇప్పటి బంగారం కొట్టు తులం 10 గ్రాములు కాబట్టి దాంతో లెక్క కట్టకండి.

ఇప్పుడు కూడండి. దినుసులన్నీ కలిపి 1500 షెకెళ్లు, అంటే 17 కిలోలకు పైనే. నూనె చూస్తే ఒక్క హీను. 17 కిలోల బెరడు, బంక, గడ్డి మీద 4 లీటర్ల నూనె పోస్తే ఏమవుతుంది? బెరడే తాగేస్తుంది, గిన్నెలో చుక్క మిగలదు. ఇది మన అనుమానం మాత్రమే కాదు. ఆ నూనె దినుసులకు పూయడానికే చాలదు కదా అని తాల్ముదులోనే ఒక రబ్బీ అడిగాడు. దానికి వచ్చిన జవాబు పనితనం తెలిసినవాళ్లది: దినుసుల్ని ముందు నీళ్లలో నానబెట్టాలి, అవి తాగగలిగినంత నీళ్లే తాగేస్తాయి. ఆ తర్వాత పైన నూనె పోస్తే నూనె వాసనను మాత్రం లాక్కుంటుంది. అప్పుడు నూనెను పైనుంచి తీసుకోవాలి. అందుకే ఆ అధ్యాయం దీన్ని సుగంధద్రవ్యాలు కలిపేవాడి పని అంది. చేసిన చేతులు గుడారం పనివాడు బెసలేలువని 37వ అధ్యాయం చెబుతోంది.

క్లాసులో చూపించదగినది ఈ పద్ధతినే. ఒకే ఒక్క దినుసుతో చేయండి, అప్పుడు ఎవరూ దాన్ని ఆ తైలం అనలేరు. ఇరవై గ్రాముల దాల్చినచెక్కను కచ్చాపచ్చాగా దంచి, వంద మిల్లీలీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున్న యాభై మిల్లీలీటర్ల ఒలీవ నూనె పోసి, చల్లగా ఉండగానే పొయ్యి మీద పెట్టి, సన్నటి సెగ మీద అరగంట ఉంచండి. నూనె ముందు కాచి తడి చెక్క వేశారో, చిటపటమని మొహం మీదికి ఎగురుతుంది. సెగ పెరిగి నీళ్లు ఇగిరిపోతే చెక్క మాడి నూనెకు చేదు వాసన పడుతుంది. చల్లారాక పైకి తేలిన నూనెను గరిటతో తీసి, గుడ్డలో వడకట్టండి. అడుగున నీటిచుక్క మిగిలితే నాలుగు రోజుల్లో పాడవుతుంది. పిల్లలు వాసన చూస్తే చాలు, చేతులకు రాయనివ్వకండి. దాల్చిన నూనె కొందరికి చర్మం మీద మంట, దద్దురు తెప్పిస్తుంది.

లవంగిపట్ట రెండుసార్లు రావడం అచ్చుతప్పు కాదు. మూలంలో రెండూ వేర్వేరు మాటలు: ఒకటి 'కిన్నమోన్', రెండోది 'కిద్దా'. మొదటిది దాల్చిన, రెండోది దాని చుట్టమైన మోటు బెరడు, ఇంగ్లిషువాళ్లు కాసియా అంటారు. తెలుగులో రెండింటికీ ఒకే పేరు పడింది. నిజానికి మన పచారీ కొట్లలో దాల్చినచెక్క అని అమ్మేది చాలావరకు రెండోదే. చెక్క ముక్కను పక్కనుంచి చూడండి. కాగితం చుట్టల్లా పలచటి పొరలు ఒకదానిలో ఒకటి ఒదిగి ఉంటే అసలు దాల్చిన. మందంగా, ఒకే పొరగా, విరిస్తే టప్పుమంటే మోటుది. పిల్లల చేతికి రెండూ ఇవ్వండి. గోపరసాన్ని ఆయుర్వేద కొట్లో బోళం అని అడగండి, ఎర్రటి బంకముక్కలు ఇస్తారు. 'అచ్చమైన' అన్నచోట హీబ్రూలో ఉన్న మాటకు తనంతట తాను కారినది అని అర్థం చెబుతారు.

నిమ్మగడ్డి గురించి ఒక్క మాట, ఎందుకంటే పెద్ద పిల్లలు యూట్యూబులో చూసి అడుగుతారు. అక్కడున్న హీబ్రూ మాటకు 'సువాసన గల రెల్లు' అనే అర్థం. అది గంజాయి అని 1936లో ఒక పోలండ్ మానవశాస్త్రవేత్త ప్రతిపాదించింది. ఎక్కువమంది పండితులు ఒప్పుకోలేదు. యూదా దేశపు ఆరాదు కోటలోని గుడిలో దొరికిన చిన్న బలిపీఠం మీద గంజాయి అవశేషం ఉందని 2020లో ప్రచురించిన మాట మాత్రం నిజం. అయితే అది పొగ వేసిన పీఠం, అభిషేక తైలం గిన్నె కాదు. రెండింటినీ ముడిపెట్టి వీడియోలు చేసేవాళ్లకు ఆ తేడాతో పనిలేదు.

ఇక మీ అసలు ప్రశ్న: అభిషేకం అంటే ఏమిటి? హీబ్రూలో నూనె రాయడానికి రెండు క్రియలున్నాయి. స్నానం చేసి ఒంటికి నూనె రాసుకోవడం 'సూక్'. రూతు బోయజు కళ్లానికి వెళ్లేముందు రాసుకున్నది అదే. దుఃఖంలో ఉన్నవాళ్లు మానేసేదీ అదే. మన తలంటు లాంటిదనుకోండి. రెండోది 'మాషహ్', పూయడం. డాలుకు నూనె పూసినా, గోడకు రంగు పూసినా ఇదే మాట. యాజకుడికి, రాజుకు, బలిపీఠానికి జరిగేది ఈ రెండోది. దీన్నుంచే మెస్సీయ అనే మాట, దాని గ్రీకు రూపంగా క్రీస్తు అనే మాట వచ్చాయి.

పూసినంత మాత్రాన వస్తువు మారుతుందా అంటే, ముడుపు గుర్తు చేసుకోండి. పసుపుగుడ్డలో కట్టిన రూపాయి కూడా రూపాయే. దాని బరువు పెరగదు, మెరుపు పెరగదు. కానీ దాంతో ఇక కూరగాయలు కొనలేరు. ఇశ్రాయేలు ఆరాధనలో ప్రతిష్ఠ అంటే ప్రధానంగా ఇది. హీబ్రూలో 'కాదోష్' అనే మాటకు పరిశుద్ధం అని అనువాదం. దాని నడక చూస్తే 'వేరుగా పెట్టినది, ఇంకొకరి సొత్తు' అనే వైపే ఎక్కువ మొగ్గుతుంది. తెలుగులో ప్రతిష్ఠ అనగానే పరువు, గొప్పతనం గుర్తొస్తాయి కాబట్టి ఇక్కడ పాఠం పక్కదారి పడుతుంది. మొదటి ప్రధానయాజకుడైన అహరోను తల మీద నూనె పడ్డాక అతడికి పెరిగిన పరువు కంటే తగ్గిన స్వేచ్ఛ ఎక్కువ. లేవీయకాండం 10లో అతడి ఇద్దరు కొడుకులు నాదాబు, అబీహు ఒకే రోజున చనిపోతారు. తండ్రి తల విరబోసుకోకూడదు, బట్టలు చింపుకోకూడదు, ఆరాధన గుడారపు వాకిలి దాటకూడదు. కారణం అదే అధ్యాయం 7వ వచనంలో ఉంది: యెహోవా అభిషేక తైలం మీ మీద ఉంది. కన్నబిడ్డల శవాల వెనక నడవడానికి కూడా తనవి కాని కాళ్లు అవి.

నూనె పోసేవాడు చాలాచోట్ల పైవాడే అన్నది కూడా చూపించండి. ఇది ఇశ్రాయేలుకే ప్రత్యేకం కాదు. క్రీ.పూ. 14వ శతాబ్దపు అమర్నా మట్టిపలకల్లో (ఈజిప్టులో దొరికిన రాజుల ఉత్తరాలు) సిరియా ప్రాంతపు ఒక చిన్న రాజు ఈజిప్టు రాజుకు రాస్తూ, మీ పూర్వీకుడు మా తాతను రాజును చేసి తల మీద నూనె పోశాడు అని గుర్తు చేస్తాడు. అంటే మేము మీ మనుషులం అని. అదే ప్రాంతంలోని ఎమారు పట్టణపు పలకల్లో గాలివాన దేవుడి పూజారిణిని నియమించేటప్పుడు తలపై నూనె పోసే తంతు ఉంది. సౌలును, దావీదును సమూయేలు అభిషేకించినా ఆ నూనె వెనక ఉన్నవాడు యెహోవా, సమూయేలు అతడి చేయి మాత్రమే. చివరికి ఇశ్రాయేలు దేవుణ్ని ఎరగని పారసీక రాజు కోరెషును కూడా యెషయా 45 అభిషిక్తుడు అంటుంది. అతడి తల మీద ఎవరూ చుక్క నూనె పోయలేదు. పని అప్పగించడమే ఆ మాటలో ముఖ్యం.

పక్కింటి పిల్లలు కూడా మీ క్లాసుకు వస్తుంటే శివాలయంలో జరిగే అభిషేకం ఇదేనా అని అడగొచ్చు. సంస్కృతంలో ఆ మాటకు పైన చిలకరించడం, పోయడం అని అర్థం. అక్కడ అభిషేకం దేవుడికి. ఇశ్రాయేలులో మనిషికి, పీఠానికి, పాత్రలకు. దేవుడికి ఎన్నడూ కాదు. మాట ఒకటే, దిశ వేరు. బేతేలులో యాకోబు తల కింద పెట్టుకున్న రాయిని నిలబెట్టి నూనె పోశాడు కదా అని ఎవరైనా అంటే, అక్కడ కూడా ఆ రాయి దేవుడు కాదు, ఈ చోటు దేవుడిది అనే గుర్తు.

యాజకుల్ని ప్రతిష్ఠించిన తంతు వరుస లేవీయకాండం 8లో ఉంది. చాలామంది టీచర్లు నూనెతో మొదలుపెడతారు, అక్కడే వరుస తప్పుతుంది. మొదట జనమంతా గుడారపు వాకిట్లో చేరాలి, చాటుగా జరిగేది కాదు. తర్వాత నీళ్లతో కడగడం. తర్వాత బట్టలు: చొక్కాయి, దట్టి, నిలువుటంగీ, ఏఫోదు అనే పైవస్త్రం, పతకం, అందులో దేవుడి తీర్పు తెలుసుకోడానికి వాడే ఊరీము తుమ్మీము, పాగా, దాని ముందు బంగారు రేకు. బట్టలు కట్టాకే నూనె, అది కూడా ముందు మనిషికి కాదు. మోషే గుడారాన్ని, అందులోని సామాన్లను అభిషేకించి, బలిపీఠం మీద ఏడుసార్లు చిలకరించి, పీఠాన్ని, గంగాళాన్ని అభిషేకించి, అప్పుడు అహరోను తల మీద పోశాడు. పనిచేసే చోటు ముందు, పనివాడు తర్వాత. ఇంత చేసిన మోషేకు మాత్రం ఎవరూ నూనె పోసినట్టు ఎక్కడా లేదు, పిల్లల్ని అడిగి చూడండి.

ఆ తర్వాత మూడు జంతువులు. కోడెదూడ పాపపరిహారం కోసం. దాని చర్మం, మాంసం, పేడ పాళెం వెలుపల కాల్చారు. మొదటి పొట్టేలు దహనబలి. రెండోదే ప్రతిష్ఠిత పొట్టేలు. దాని రక్తం తీసి అహరోను కుడిచెవి కొనకు, కుడిచేతి బొటనవేలికి, కుడికాలి బొటనవేలికి పూశాడు, తర్వాత కొడుకులకు అలాగే. ఎందుకో ఆ వచనం చెప్పదు. వినడం, చేయడం, నడవడం అని ఒకటో శతాబ్దపు అలెగ్జాండ్రియా యూదుడు ఫిలో కాలం నుంచే చెబుతున్నారు, పిల్లలకు అది చాలు. మీ వరకు ఇంకొకటి గమనించండి. అదే అధ్యాయంలో బలిపీఠానికి రక్తం పూసింది కొమ్ములకు, పోసింది అడుగున. అంటే అంచులకు. మనిషికి పూసిందీ అంచులకే: పైన చెవి, నడుమ చెయ్యి, కింద కాలు. పొలం నాలుగు మూలలా హద్దురాళ్లు పాతితే నడుమ ఉన్న సెంటు సెంటుకూ రాయి పాతనక్కర్లేదు.

ఇక అరచేతుల సంగతి. కొవ్విన తోక, లోపలి కొవ్వు, మూత్రగ్రంథులు, కుడిజబ్బ, వాటి మీద పొంగని రొట్టె ఒకటి, నూనె కలిపిన రొట్టె ఒకటి, పలచని అప్పడం ఒకటి: ఇవన్నీ మోషే వాళ్ల అరచేతుల్లో పెట్టి అల్లాడించాడు. ఆ దేశపు గొర్రెల తోక ఒక్కటే కిలోల బరువు తూగుతుంది. వెచ్చటి కొవ్వు వేళ్ల సందుల్లోంచి కారుతూ, జారకుండా పట్టుకుని నిలబడటం ఊహించుకోండి. మనం 'ప్రతిష్ఠించు' అని చదివేచోట హీబ్రూలో ఉన్నది 'చేతులు నింపు' అనే జాతీయం. అక్కాదు భాషలో కూడా ఇలాంటి పలుకుబడి ఉంది, అప్పగించడం అనే అర్థంలో. చేతులు నిండినవాడు ఇంకేదీ పట్టుకోలేడు. ఆ తర్వాత పీఠం మీది రక్తం, తైలం తీసి మనుషుల మీద, వాళ్ల బట్టల మీద చిలకరించాడు. బోరను, అంటే రొమ్ము మాంసాన్ని, మోషే తన వంతుగా తీసుకున్నాడు. మిగిలిన మాంసం వాకిట్లోనే వండి తిన్నారు, తెల్లారేదాకా ఏమీ మిగల్చలేదు. ఏడు రోజులు గుమ్మం దాటలేదు. ఎనిమిదో రోజున గానీ అహరోను తన చేత్తో బలి అర్పించలేదు.

చెవి, బొటనవేళ్లు ఇంకొక్క చోట వస్తాయి, ఈ పోలిక దగ్గర ఎంతసేపు ఆగినా తక్కువే. లేవీయకాండం 14లో కుష్ఠు నయమై ఊరి బయటి నుంచి తిరిగొచ్చినవాడికి యాజకుడు సరిగ్గా ఆ మూడుచోట్లే రక్తం పూసి, ఆ రక్తం మీదనే నూనె పూస్తాడు. అరచేతిలో మిగిలిన నూనె వాడి తల మీద. ఇది ఆ పరిమళ తైలం కాదు, మామూలు నూనె, ఒక లోగు, అంటే సుమారు 300 మిల్లీలీటర్లు. పేదవాడైతే మూడు గొర్రెపిల్లలకు బదులు ఒకటి, మిగతావాటికి బదులు గువ్వలు, పిండి మూడోవంతు. నూనె మాత్రం అదే లోగు, తగ్గించలేదు. నిన్నటిదాకా ఎవరూ తాకనివాడికి, ప్రధానయాజకుడికి చేసిన చేష్టే చేస్తున్నారు.

శక్తి సంగతి. దావీదు మీద నూనె పడ్డ నాటినుంచి యెహోవా ఆత్మ అతడి మీదికి వచ్చిందని 1 సమూయేలు 16 చెబుతోంది, కాదనలేం. కానీ నూనే ఆత్మ అనుకుంటే సౌలు దగ్గర లెక్క తప్పుతుంది. సౌలుకు ఆత్మ వచ్చింది నూనె పోసినప్పుడు కాదు, తర్వాత దారిలో ప్రవక్తల గుంపు ఎదురైనప్పుడు. 16వ అధ్యాయంలో ఆత్మ అతణ్ని విడిచిపోయింది. అయినా 24లో, 26లో సౌలు తన చేతికి చిక్కినప్పుడు దావీదు 'యెహోవా అభిషిక్తుడు' అంటూ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. శక్తి పోయింది, అభిషేకం పోలేదు. కాబట్టి రెండూ ఒకటి కావు. ఒక పనికి పడిన నూనె ఇంకో పనికి చెల్లదు కూడా. ఉజ్జియా రాజై ఉండి ధూపం వేయబోతే, 2 దినవృత్తాంతాలు 26 ప్రకారం, నుదుటి మీద కుష్ఠు లేచింది. రాజ్యం చేయడం అతడి పని, ధూపం కాదు.

బజారు సీసాల విషయం. యూదు సంప్రదాయం ప్రకారం మోషే చేయించిన ఆ ఒక్క తైలాన్నే తరతరాలు వాడారు, దాన్ని యోషీయా రాజు దాచేశాడు. బబులోను చెర తర్వాత కట్టిన రెండో దేవాలయం కాలంలో అది లేదు. అప్పటి ప్రధానయాజకులకు నూనె లేకుండా ఎనిమిది బట్టలు తొడిగే నియమించేవారు. తాల్ముదుకు ఆధారమైన మిష్నా వాళ్లను 'ఎక్కువ బట్టలవాడు' అని వేరే పేరుతోనే పిలుస్తుంది. క్రీస్తుకు ముందే కనపడకుండాపోయింది కొరియర్లో రాదు. సీసాలో ఉన్నది సువాసన నూనె. వాసన కోసం కొంటే సరే.

అత్తగారికి ఎలా చెప్పాలన్నది కాస్త సున్నితం. ఆవిడ మనసులో ఉన్నది బహుశా పస్కా రాత్రి గుమ్మాలకు పూసిన రక్తం. అది గొర్రెపిల్ల రక్తం, అభిషేకం కాదు. రోగుల కోసం ప్రార్థించేటప్పుడు పెద్దలు నూనె రాయమని యాకోబు పత్రిక 5:14లో ఉంది. గ్రీకులో అక్కడ వాడింది మామూలుగా నూనె రాయడానికి వాడే క్రియ, క్రీస్తు అనే మాట పుట్టిన క్రియ కాదు. కాబట్టి ఇంట్లో ఉన్న నువ్వులనూనె అయినా చాలు, దానికి పేరూ రేటూ అక్కర్లేదు. కొత్త ఇంటి ప్రతిష్ఠ మాట ద్వితీయోపదేశకాండం 20:5లో ఉంది, అక్కడ నూనె ఊసే లేదు. పాస్టరుగారిని పిలిచి ప్రార్థన పెట్టించి అందరికీ భోజనం పెట్టండి, ఆవిడ ఆశ తీరుతుంది. పైగా కొత్త రంగు వేసిన ద్వారబంధానికి నూనె రాస్తే దుమ్ము పట్టి నెలలోపే నల్లటి మరక తేలుతుంది.

క్లాసయ్యాక మిగిలిన దాల్చిన నూనెను ప్రమిదలో పోసి వెలిగించేయండి. బుడ్డీలో పోసి ఎవరికీ ఇవ్వకండి, వారం తిరగకుండా దానికి అభిషేక తైలమని పేరు పడుతుంది.